సెడార్ హ్యుమిడార్‌లో సిగార్లు ఐదేళ్లు నిల్వ పెట్టాలి, హైదరాబాద్ ఎండలకు ఆగుతాయా?

మణికొండ_మారాజు

అందరికీ నమస్కారం. 100 సిగార్లు పట్టే టేబుల్ హ్యుమిడార్ (సిగార్లను సరైన తేమలో ఉంచే పెట్టె) కొన్నాను. మూతకు గాజు, లోపలంతా స్పానిష్ సెడార్ లైనింగ్, మూత కింద స్పాంజి హ్యుమిడిఫయర్, ముందువైపు తేమ శాతం చూపే, ముల్లు తిరిగే హైగ్రోమీటర్. స్పాంజికి డిస్టిల్డ్ వాటర్ పట్టించి పెట్టాను. నాలుగు రోజులైనా ముల్లు 58 దాటట్లేదు.

దాచాల్సినవి 25 చొప్పున రెండు పెట్టెల క్యూబన్ రోబస్టోలు (పొట్టిగా, లావుగా ఉండే రకం), ఓ పాతిక నికరాగువావి విడిగా. పెట్టెలు ఐదేళ్లు కదపకూడదని ఆలోచన. ఇంట్లో ఏసీ రాత్రిపూట బెడ్‌రూమ్‌లో మాత్రమే. మే నెలలో హాల్లో 36 డిగ్రీలు మామూలే.

తేమ పైకి రావాలంటే ఏం చేయాలి? స్పాంజికి ఇంకా నీళ్లు పోయాలా? సిగార్లు ఇప్పుడే పెట్టేయొచ్చా?

---

చిత్రికపట్టు

సిగార్లు ఇప్పుడే పెట్టొద్దు మారాజు గారూ. పెడితే ఆ ఎండు చెక్క ముందు మీ సిగార్లలో తేమ లాగేసుకుంటుంది. స్పాంజికి నీళ్లు పెంచడమూ వద్దు. దాని కింద ఉన్న నాలుగు సిగార్లు ఉబ్బుతాయి, మూలల్లో ఉన్నవి ఎండుతాయి.

అసలు ఆ 58 నిజమో కాదో ముందు తేల్చుకోండి. హ్యుమిడార్‌తో వచ్చే ముల్లు మీటర్లు పది పాయింట్లు అటూఇటూ చూపించడం వింతేమీ కాదు. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోకూడదు, పైన నీళ్లు తేలకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒకే జిప్‌లాక్ కవర్లో పెట్టి, కొంచెం గాలి ఉంచి మూసి, గదిలో ఒక మూల 24 గంటలు వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. గది 25 ఉన్నా 30 ఉన్నా ఈ అంకె పెద్దగా మారదు, అదే ఈ పరీక్షలో సుఖం. మీటర్ 67 చూపిస్తే ఎనిమిది తక్కువ చూపిస్తోందన్నమాట. ముల్లు మీటర్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, కవర్ నుంచి తీసిన వెంటనే తిప్పి సరిచేయండి. డిజిటల్ అయితే తేడాను కాగితం ముక్క మీద రాసి మీటర్‌కే అంటించండి. నన్నడిగితే ముల్లు మీటర్‌ను అలంకారంగా వదిలేసి డిజిటల్‌ది ఒకటి లోపల పెట్టుకోండి.

తర్వాత మూత. పది రూపాయల నోటు సగం లోపలికి, సగం బయటికి పెట్టి మూత మూసి లాగండి. నాలుగు వైపులా చూడాలి. బిగువుగా వస్తే పరవాలేదు, వెన్నలా జారి వస్తే అక్కడ సందు ఉన్నట్టే. ఇంకో పద్ధతి: ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడండి. మీది గాజు మూత కాబట్టి వెలుగు పైనుంచి ఎలాగూ వస్తుంది. గాజు మీద నల్ల గుడ్డ కప్పి అంచుల దగ్గర మాత్రం గమనించండి.

గాజు మూత హ్యుమిడార్లలో తేమ ఎక్కువగా కారేది గాజు, చెక్క కలిసేచోటే. గాజు చుట్టూ బయటివైపు నుంచి సన్నగా సిలికాన్ పట్టించండి. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి. మామూలు సిలికాన్‌కు వెనిగర్ ఘాటు ఉంటుంది, అది సెడార్‌లోకి దిగితే వదలదు. మూత తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాకే తర్వాతి పని. అంచు దగ్గర సందుంటే పల్చటి ఫోమ్ టేపు చాలు, మరీ మందంది పెడితే మూత ఆనదు.

ఇవయ్యాక చెక్కకు తేమ పట్టించాలి, దీన్నే సీజనింగ్ అంటాం. తడిగుడ్డతో చెక్క తుడవమని చాలాచోట్ల రాస్తారు. అది వద్దు. నీళ్లు నేరుగా తగిలితే సెడార్ నారలు లేస్తాయి, పల్చటి పలకలు వంగుతాయి, మూలల అతుకులు విడతాయి. తేమను తమ మీద రాసిన శాతం దగ్గర నిలిపే బోవెడా ప్యాకెట్లు దొరుకుతాయి. వాటిలో 84 శాతం రాసి ఉన్న 60 గ్రాములవి తీసుకోండి. 25 సిగార్ల చోటుకు ఒకటి చొప్పున మీకు నాలుగు కావాలి. స్పాంజి తీసేసి, ఖాళీ హ్యుమిడార్‌లో ఆ నాలుగూ పరిచి మూత వేసి 14 రోజులు ముట్టుకోవద్దు. ఎంత వచ్చిందో చూద్దామని రోజూ తెరిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పద్నాలుగో రోజున వాటిని తీసి, అదే లెక్కన 69 శాతం ప్యాకెట్లు నాలుగు పెట్టండి. రెండు మూడు రోజులకు మీటర్ ఒకచోట నిలిచాక సిగార్లు పెట్టొచ్చు.

చెక్క హ్యుమిడార్ ఎంత బాగా చేసినా కొంత ఊపిరి పీలుస్తుంది. 69 పెడితే లోపల 65, 66 దగ్గర నిలుస్తుంది. 65 కావాలని 65 ప్యాకెట్టే పెడితే 61కి దిగుతుంది. మీటర్ అబద్ధమాడుతోందని అప్పుడు దాన్ని తిడతారు.

---

గోదారి_లంక

చిత్రికపట్టు గారు చెప్పినదంతా తేమ సంగతి. మారాజు గారూ, మీ అసలు సమస్య ఆ 36 డిగ్రీలు.

పొగాకుకు పట్టే పురుగు లాసియోడెర్మా సెరికోర్నె. గోధుమరంగులో రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. గుడ్లు ఆకుతోపాటే వస్తాయి, కంటికి కనబడవు. గది 22, 24 డిగ్రీలు దాటి అలాగే ఉంటే పొదుగుతాయి. 18 కిందకు వస్తే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. 30 డిగ్రీల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా నెల రోజులు, కొంచెం అటూఇటూగా. తినేది లార్వా, పురుగు కాదు. మీకు సన్నటి గుండ్రటి చిల్లు కనబడిందంటే అది లోపల తిని బయటికి వచ్చేసిన దారి, అప్పటికే ఆలస్యమైంది. సెడార్ వాసనకు పురుగు రాదని అంటారు గానీ, ఆ నూనెలు కొంతవరకు వెనకాడేలా చేస్తాయంతే. ఆకులో ఉన్న గుడ్డును సెడార్ ఏమీ చేయలేదు.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఈ పురుగే మన పసుపు కొమ్ముల్లో, ధనియాల్లో, ఎండుమిర్చిలో, శొంఠిలో పడేది. డబ్బా అడుగున మెత్తటి పొడి రాలి, కొమ్ముకు సూదితో పొడిచినట్టు చిల్లులుంటే అదే. వంటింటి పక్క అల్మారాలోనో, ఏడాది కారం, పసుపు దాచే స్టోర్ రూములోనో హ్యుమిడార్ పెట్టడమంటే పురుగును భోజనానికి పిలవడమే.

అందుకని కొన్న ప్రతి సిగార్‌నూ హ్యుమిడార్‌లో పెట్టకముందే ఫ్రీజ్ చేయండి. పెట్టెను రెండు జిప్‌లాక్ కవర్లలో, గాలి వీలైనంత తీసేసి పెట్టాలి. ముందు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు. తర్వాత ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర కనీసం మూడు రోజులు. ఇంటి ఫ్రీజర్ తలుపు పదే పదే తెరుస్తారు కాబట్టి ఐదారు రోజులుంచితే నిశ్చింత. మళ్లీ కింది అరలో ఒక రోజు, ఆపైన గదిలో ఒక రోజు. కవర్ విప్పేది ఆ చివరి రోజు అయ్యాకే. చల్లగా ఉన్నప్పుడు విప్పితే గాలిలో తేమ సిగార్ మీద నీటి బొట్లుగా పడుతుంది, పై ఆకు మరకలు పడి పగులుతుంది. ఫ్రీజర్ నుంచి నేరుగా గదిలోకి తెచ్చినా అంతే: పై ఆకు త్వరగా వెచ్చబడి సాగుతుంది, లోపలి ఆకు ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నిలువునా చీలిక వస్తుంది. 72, 74 శాతం తేమలో ఉన్న సిగార్‌కు ఈ ప్రమాదం ఎక్కువ. ముందు 65కి దించి పెట్టడం మంచిది.

ఒక్క తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ అర దీనికి పనికిరాదు. అది మైనస్ 18కి వెళ్లదు. అందులో వారం పెట్టినా గుడ్లు బతికే ఉండొచ్చు.

ఇంకో మాట. మా లంక పొగాకు చుట్టలు కూడా పక్కనే పెట్టుకుందామనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. ఆ ఘాటు సెడార్‌కు పట్టిందంటే ఏళ్లు పోదు, మీ క్యూబన్లు లంక చుట్టల్లా వాసన కొడతాయి. వెనీలా, రమ్ము, కాఫీ వాసనలు పట్టించిన సిగార్లకూ ఇదే మాట, వాటికి వేరే డబ్బా పెట్టండి.

---

మణికొండ_మారాజు

చాలా థాంక్స్ ఇద్దరికీ. ఉప్పు పరీక్షలో మీటర్ 66 చూపించింది. అంటే నాకు కనబడిన 58 నిజానికి 67! 84 ప్యాకెట్లు ఆర్డర్ పెట్టాను.

మూడు సందేహాలు. ఒకటి, మీటర్ తప్పయితే ఇంకా సీజనింగ్ అవసరమా? రెండు, ఇంకో చెక్క పెట్టె ఉంది, దానికి లోపల సెడార్ వేయించాలనుకుంటే మా వడ్రంగి దేవదారు వేస్తానంటున్నాడు, సెడార్ అంటే అదేనంటున్నాడు. మూడు, వేసవి మూడు నెలలు మామూలు ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోదా?

---

చిత్రికపట్టు

సీజనింగ్ చేయాల్సిందే. మీరు చూసింది తడి స్పాంజి కింద ఉన్న గాలి తేమ, చెక్క తేమ కాదు. స్పాంజి తీసి రెండు రోజులు మూసి చూడండి, ముల్లు ఎంత దిగితే చెక్క అంత దాహంతో ఉన్నట్టు.

దేవదారు వేయించొద్దు. అది హిమాలయాల్లో పెరిగే నిజమైన సెడార్, పైన్‌కు బంధువు. దాని నూనె ఘాటు గుడిలో ధూపానికి బాగుంటుంది గానీ, సిగార్‌కు పట్టిందంటే కాల్చినంతసేపూ అదే రుచి. బీరువాల్లో బట్టలకు వాడే అమెరికన్ ఎర్ర సెడార్‌తోనూ ఇదే గొడవ. అది జూనిపర్ జాతి. సిగార్లకు వాడే స్పానిష్ సెడార్ పేరు సెడ్రెలా ఒడొరాటా, మధ్య, దక్షిణ అమెరికాల చెట్టు. పేరులో సెడార్ ఉన్నా అది మహాగని కుటుంబం, మన వేప కూడా ఆ ఇంటిదే. తేమ పీల్చి వదులుతున్నా పెద్దగా వంగదు, బూజు త్వరగా పట్టదు, వాసన సౌమ్యం. అందుకే అది. ఆ చెక్క దొరక్కపోతే మహాగని మంచిది, వాసన లేకపోయినా నష్టం లేదు. టేకు వద్దు, నూనె చెక్క.

మందం సంగతి వడ్రంగికి గట్టిగా చెప్పండి. 4 నుంచి 6 మిల్లీమీటర్ల గట్టి చెక్క కావాలి. ఎమ్‌డీఎఫ్ (చెక్క పొట్టును నొక్కి చేసిన పలక) మీద కాగితమంత పల్చటి చెక్క పొర, అదే వెనీర్, అంటించి సెడార్ లైనింగ్ అని అమ్ముతుంటారు, అది తేమను దాచుకోలేదు, వాసన ఒక్కటే మిగులుతుంది. పలకలను జిగురుతో అంటించొద్దు, ఒకదానికొకటి ఆనించి బిగువుగా దూర్చాలి. చెక్క ఉబ్బుతుంది, అంటిస్తే అది పెట్టె గోడను తోస్తుంది. లైనింగ్ పై అంచు పెట్టె అంచు కన్నా ఐదారు మిల్లీమీటర్లు పైకి లేచి మూతలోకి దూరాలి, మూత బిగువంతా అక్కడే. లోపల పాలిష్, వార్నిష్, టచ్‌వుడ్ ఏదీ తగలకూడదు. పని పూర్తయ్యాక 220 నంబర్ ఉప్పు కాగితం తేలిగ్గా పట్టించి పొడి దులిపేయండి.

సరిగా ఆరని సెడార్ అయితే నాలుగైదు వారాలకు తేనె బొట్టులాంటి జిగురు చెక్క మీద కనబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ వాసన పోయేదాకా తెరిచి ఉంచండి. ఆ జిగురు సిగార్‌కు అంటితే పై ఆకుతో సహా ఊడొస్తుంది, కాబట్టి మొదటి ఏడాది సిగార్లకు చుట్టి వచ్చే సెలోఫేన్ తీయకండి. సెలోఫేన్ ప్లాస్టిక్ కాదు, చెక్క గుజ్జుతో చేసింది, తేమ దాని గుండా వెళ్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పచ్చగా మారడం మామూలే.

---

డాలస్_బాబాయ్

ఫ్రిజ్ ప్రశ్నకు నేను చెప్తా. మామూలు ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ లోపలి గాలిని ఎండగడుతుంది, నాలుగు డిగ్రీల్లో సిగార్ పండడం (నిల్వలో రుచి మెరుగవడం) కూడా దాదాపు ఆగిపోతుంది. నిజంగా ఐదేళ్లు పెట్టాలంటే టేబుల్ హ్యుమిడార్‌ను రోజూ తెరిచే పెట్టెగా వాడుకోండి. ఆ రెండు పెట్టెలను వైన్ కూలర్‌లో (వైన్ సీసాల కోసం చేసిన, మామూలు ఫ్రిజ్ అంత చల్లబడని చిన్న ఫ్రిజ్) పెట్టండి. హ్యుమిడార్ అందం కొంచెం పక్కన పడుతుంది, పడనివ్వండి.

ఒక్కో పెట్టెనూ తెరవకుండా, పక్కన ఒక 65 శాతం 60 గ్రాముల ప్యాకెట్ పెట్టి రెండు జిప్‌లాక్ కవర్లలో బిగించండి. ప్యాకెట్ పెట్టె లోపల కాదు, కవర్‌కూ పెట్టెకూ మధ్యన. ఇక్కడ 69 వాడకూడదు, ఎందుకంటే కవర్ ఊపిరి పీల్చదు, రాసిన అంకే లోపల నిలుస్తుంది. దీర్ఘకాలం నిల్వకు 62 నుంచి 65 చాలు, అంతకుమించితే బూజు భయం. పెట్టె మీద పెన్సిల్‌తో తేదీ, వంటింటి డిజిటల్ కాటా మీద తూచిన బరువు రాయండి. ఆరు నెలలకోసారి కవర్‌తోసహా తూచండి. బరువు తగ్గుతుంటే కవర్‌కు ఎక్కడో సందుంది. తెరిచి చూడకుండా ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకు బాధ తిరగబడుతుంది. చలికాలం హీటర్ వేస్తే ఇంట్లో గాలి 25, 30 శాతానికి పడిపోతుంది, చెక్క హ్యుమిడార్‌లో నాలుగు ప్యాకెట్లు రెండు నెలలకే గట్టిగా గవ్వల్లా ఎండుతాయి. అప్పుడూ ఈ కవర్ పద్ధతే కాపాడుతుంది.

---

గోదారి_లంక

బాబాయ్ గారి మాటతో ఏకీభవిస్తా, కానీ వైన్ కూలర్ ఎంపికలో మన ఊళ్లకు ఒక మెలిక ఉంది. కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ కూలర్ గది కన్నా పది, పన్నెండు డిగ్రీలు మాత్రమే దించగలదు. గది 36 ఉంటే లోపల 24, 26. పురుగుకు సరిగ్గా కావాల్సినంత. ఏసీ లేని హాల్లో పెట్టాలంటే కంప్రెసర్ ఉన్నదే కొనాలి, సెట్టింగ్ 18 దగ్గర. అయితే కంప్రెసర్ నడిచిన ప్రతిసారీ వెనక పలక మీద తేమ గడ్డకట్టి కారి, లోపలి గాలి ఎండుతుంది. సిగార్లు కవర్లలో బిగించి ఉంటాయి కాబట్టి మీకు అది పట్టింపు లేదు. విడిగా పరిచేవాళ్లకే ఆ తలనొప్పి.

జులై, ఆగస్టులో తలుపు తెరవకండి. 30 డిగ్రీల్లో 65 శాతం తేమ ఉన్న గాలి 23 డిగ్రీలకు చల్లబడగానే నీరు కక్కుతుంది. మీ కూలర్ 18లో ఉంది. పెట్టె మూలల్లో తడి చేరితే కాగితం ముద్రలు ఊడతాయి, ఆ వెనకే బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లకు ఇది వానాకాలంలోనే కాదు, ఏడాదిలో చాలా నెలలు వర్తిస్తుంది. అక్కడ చెక్క హ్యుమిడార్ బయటి తేమ పీల్చి 75 దాటడం చూస్తారు. ప్యాకెట్ రెండు వైపులా పనిచేస్తుంది, ఎక్కువైన తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. బాగా ఉబ్బి బిగుసుకుంటే మార్చాలి.

కూలర్ ఖర్చు వద్దనుకుంటే, రాత్రిపూట ఏసీ పడే బెడ్‌రూమ్‌లో నేలకు దగ్గరగా, బయటి గోడకు ఆనని అల్మారాలో పెట్టండి. కవర్లను మందపాటి థర్మోకోల్ ఐస్ పెట్టెలో సర్దితే పగలు ఎక్కే వేడి ఆలస్యంగా లోపలికి వెళ్తుంది. 28 దాటదని మాత్రం మాట ఇవ్వలేను, కాబట్టి అలా పెట్టేవాళ్లు ఫ్రీజింగ్ ఎగ్గొట్టకూడదు.

---

మణికొండ_మారాజు

కంప్రెసర్ కూలరే చూస్తాను. ఆఖరి ప్రశ్న. నికరాగువా సిగార్లలో రెండింటి మీద తెల్లగా పూత ఉంది. అమ్మినాయన అది ప్లూమ్, బాగా పండిన గుర్తు, మంచిదే అన్నాడు. నిజమేనా?

---

చిత్రికపట్టు

అమ్మేవాళ్లు ప్లూమ్ అని చూపించేదాంట్లో ఎక్కువ భాగం బూజే. ఫోన్ కెమెరాకు మాక్రో లెన్స్ పెట్టి, లైటు పక్క నుంచి వేసి చూడండి. నూగులా పైకి లేచి, గుండ్రటి మచ్చలుగా, తెలుపు, బూడిద, నీలి పచ్చ రంగుల్లో ఉంటే బూజు. సిగార్ అంతటా సమంగా, పంచదార పొడి చల్లినట్టు మెరిసే స్ఫటికాలుంటే మాత్రమే ప్లూమ్ అన్న మాట పరిశీలించొచ్చు.

కాల్చే చివర చూడండి. బూజు మడతల మధ్య లోపలికి దిగి ఉంటే పారేయండి. పై ఆకు మీదే ఉంటే పొడి మెత్తటి గుడ్డతో, ఇంటి బయట, తుడిచేయొచ్చు. ఆ రెండింటినీ మిగతావాటికి దూరంగా వేరే డబ్బాలో 62 ప్యాకెట్‌తో నెల రోజులు ఉంచండి, తిరిగి రాకపోతే కలపండి. వాటితో పాటు వచ్చిన మిగతా 23 కూడా అదే తేమలో ఉండి ఉంటాయి, ఒక్కొక్కటీ తిప్పి చూడండి. మీ హ్యుమిడార్‌లో సీజనింగ్ అయ్యేదాకా అన్నీ జిప్‌లాక్ కవర్‌లో 65 ప్యాకెట్‌తోనే ఉండనివ్వండి.